హాకా రీల్ ఫార్వర్డ్ చేసే ముందు

ఆక్లాండ్‌లో ఉంటున్న పాపానికి, న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలు పాడుతూ అడుగులేసే హాకా వీడియో ఏది వచ్చినా మా చుట్టాల గ్రూపులో నన్నే ట్యాగ్ చేస్తారు. కింద పడీపడీ నవ్వే ఎమోజీలు. "ఏంట్రా, నాలుకలు బయటపెట్టి ఆ గంతులు?" అని మా బాబాయ్. 2024 నవంబరులో హానా-రాఫితి మైపి-క్లార్క్ అనే 22 ఏళ్ల మావోరీ ఎంపీ పార్లమెంటులో బిల్లు కాపీ చింపి హాకా ఎత్తుకున్నప్పుడైతే ఇక చెప్పక్కర్లేదు. 1840లో బ్రిటిష్ వాళ్లకీ మావోరీ నాయకులకీ మధ్య కుదిరిన వైతాంగి ఒప్పందానికి కొత్త అర్థాలు తీయబోయిన బిల్లు అది. 2025 ఏప్రిల్‌లో 112–11 ఓట్లతో ఓడిపోయింది. ఆ వార్త మాత్రం ఒక్కరూ ఫార్వర్డ్ చేయలేదు.

రగ్బీ మ్యాచ్‌కి ముందు చూసే "క మతె" హాకా 1820 ప్రాంతంలో ఙాతి తోఆ తెగ నాయకుడు తె రౌపరాహ కట్టింది. శత్రువులు తరుముతుంటే చిలగడదుంపల పాతరలో దాక్కుని, ప్రాణాలతో బయటపడ్డ మనిషి మాటలవి. చచ్చాను, చచ్చాను, బతికాను, బతికాను అని! పెళ్లిలో చేస్తారు, చావులో చేస్తారు, పట్టా అందుకుంటున్న మనవరాలి ముందూ చేస్తారు. అన్నిటికీ "యుద్ధ నృత్యం" అని ఒకే చీటీ అంటిస్తే ఎలా?

(అన్నట్టు, మన అక్షరమాలలో ఊరికే కూర్చున్న ఙకి ఇక్కడ రోజంతా పనే. ఙాతి అంటే ఫలానా వాళ్ల సంతతి. మన జ్ఞాతులతో దానికి చుట్టరికం లేదు గానీ గుర్తుంచుకోవడానికి భలే ఉంది.)

మొదటిసారి మరయెకి, అంటే మావోరీల సమావేశ ప్రాంగణానికి, ఆఫీసు వాళ్లతో వెళ్లాను. లోపలి నుంచి ఒక పెద్దావిడ గొంతెత్తి పిలిచేదాకా గేటు దగ్గరే నిలబడ్డాం. ముక్కూ నుదురూ ఆనించి పలకరించుకోవడం అయ్యాక, చెప్పులు విప్పి పెద్దింట్లోకి వెళ్లాం. ఆ ఇల్లే ఒక పూర్వీకుడి శరీరం. నడికప్పు దూలం ఆయన వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని పెరిగినవాణ్ణి కదా, ఆ ఇంటివాళ్లే వాసాలు చూపించి వంశాలు చెబుతుంటే నవ్వాగలేదు.

మావోరీ భాష మాట్లాడినందుకు ఒకప్పుడు బడిలో పిల్లల్ని కొట్టేవారు. 1972లో 30 వేల మందికి పైగా సంతకాలు పెట్టి పార్లమెంటుకి పిటిషన్ ఇచ్చారు, 1982లో పసిపిల్లలు ఆ భాషలోనే పెరగడానికి భాషాగూళ్లనే బడులు పెట్టుకున్నారు, 1987లో అధికార భాష హోదా తెచ్చుకున్నారు. తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్ వేసిన స్కూల్లో చదివిన నాకు ఇది చదువుతుంటే ఒళ్లు మండింది. వాళ్ల మీద కాదు.

మనం పరిచయం చేసుకుంటే పేరు, కంపెనీ, వీసా. వాళ్లు ముందు తమ కొండ చెబుతారు, తర్వాత నది, పూర్వీకులొచ్చిన పడవ, తెగ. పేరు చివరికి. 2017లో ఫంగనుయి నదికి చట్టం మనిషితో సమానమైన హక్కులిచ్చిందంటే, ఆ నదిని ఇంటి మనిషిగా చూసే జనం ఏళ్ల తరబడి పోరాడబట్టే.

ఆ రోజు మరయెలో పరిచయాలప్పుడు నా వంతు వచ్చింది. తడబడుతూ, మాది ఖమ్మం, మా ఏరు మున్నేరు అన్నాను. తర్వాత టీ తాగుతుంటే ఇందాకటి పెద్దావిడ పక్కన కూర్చుని, మా అమ్మ ఆరోగ్యం అడిగినంత మామూలుగా, "మీ నది బాగుందా?" అంది. ఇసుక లారీలు గుర్తొచ్చాయి.

"ఆఁ, బాగానే ఉందండీ" అన్నాను.