ఆపినవాడి లెక్క

బాస్కెట్‌బాల్ ఆటగాడు రిటైరైతే ఎన్ని పాయింట్లు చేశాడన్నదే అందరూ ముందు రాస్తారు. మా క్రీడా పేజీకీ అదే అలవాటు. ఆ లెక్కన డికెంబే ముటోంబో మామూలు ఆటగాడు. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 18 సీజన్లు ఆడినా ఆయన సగటు మ్యాచ్‌కు పది పాయింట్లు దాటలేదు. కానీ అవతలి జట్ల షాట్లను బుట్టలో పడకుండా చేత్తో అడ్డుకోవడం, అంటే బ్లాక్ చేయడం, 3,289 సార్లు చేశారు. అంతకంటే ఎక్కువ బ్లాక్‌లు రికార్డులో ఉన్నది హకీమ్ ఒలాజువాన్‌కు ఒక్కరికే.

అసలు ఎన్‌బీఏ బ్లాక్‌లను లెక్కపెట్టడమే 1973-74 సీజన్‌లో మొదలైంది. అందుకే 11 టైటిళ్లు గెలిచిన బిల్ రసెల్ మొత్తం ఎన్ని షాట్లు ఆపారో ఏ అధికారిక రికార్డులోనూ దొరకదు. ఇది మాకు అన్యాయంగానే కనిపిస్తోంది.

1966లో డెమొక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో రాజధాని కిన్షాసాలో పుట్టిన ముటోంబో డాక్టర్ కావాలని స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీకి వెళ్లారు. ఏడడుగుల రెండంగుళాల మనిషి. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు కోచ్ జాన్ థాంప్సన్ ఆయన్ను వదులుకోలేదు, జట్టులోకి తీసుకున్నారు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 1991లో నాలుగో ఆటగాడిగా డెన్వర్ నగ్గెట్స్ జట్టు ఆయన్ను తీసుకుంది. 1994లో టైటిల్ కోసం జరిగే చివరి దశ ప్లేఆఫ్స్‌కు ఆ జట్టు ఎనిమిదో స్థానంలో ఉండి వచ్చింది. ఎదురుగా మొదటి స్థానంలోని సియాటిల్. తొలి రెండు మ్యాచ్‌లూ ఓడిన డెన్వర్ మిగతా మూడూ గెలిచింది. ఆ ఐదు మ్యాచ్‌లలో ముటోంబో బ్లాక్‌లు 31. ఆట ముగిశాక బంతిని రెండు చేతులతో పట్టుకుని, నేల మీద వెల్లకిలా పడి ఆయన నవ్విన నవ్వు చూసినవాళ్లు మరచిపోరు.

1990ల చివర్లో కిన్షాసాలో ముటోంబో తల్లి జబ్బుపడ్డారు. అల్లర్ల వల్ల ఆస్పత్రికి తీసుకెళ్లే దారి లేక ప్రాణం పోయింది. కోట్లు సంపాదిస్తున్న కొడుకు ఉండి కూడా! ఆ ఊళ్లోనే ఆస్పత్రి కట్టాలని ముటోంబో పట్టుబట్టారు. 2001లో శంకుస్థాపన చేస్తే, డబ్బు సమకూరక ఏళ్లు గడిచాయి. ఖర్చులో పెద్ద భాగం ఆయనే పెట్టుకున్నారు. చివరికి 300 పడకలతో, తల్లి బియాంబా మేరీ పేరుతో 2007లో అది తెరుచుకుంది. డబ్బున్న ఆటగాళ్లు విరాళాలివ్వడం కొత్తేమీ కాదు. ఒక్క పని కోసం ఇన్నేళ్లు వెంటపడడమే అరుదు.

2009 ప్లేఆఫ్స్‌లో మోకాలు దెబ్బతిని, 42 ఏళ్ల వయసులో ఆట ఆపేశారు. బ్రెయిన్ క్యాన్సర్‌తో 2024 సెప్టెంబర్ 30న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 58 ఏళ్లే.

ఇకపై మా క్రీడా పేజీలో బాస్కెట్‌బాల్ స్కోరు వేసేటప్పుడు పాయింట్ల పక్కనే బ్లాక్‌ల సంఖ్య కూడా వేస్తాం.