కుబేర దిక్కున డాలస్

అమెరికా వెళ్లిన పిల్లలు సంక్రాంతికి ఎందుకు రావడం లేదన్న దాని మీద వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి వాదులాట నడుస్తోంది. ప్రేమలు తగ్గాయని కొందరు, కోడలు కదలనివ్వడం లేదని మరికొందరు. లెక్క వేసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

శంషాబాద్ నుంచి డాలస్‌కి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. గంటకి 900 చొప్పున పోతే 16 గంటలు. దూరాలు చెప్పే వెబ్‌సైట్లు ఇక్కడితో చేతులు దులుపుకుంటాయి, ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానమే లేదన్న సంగతి వాటికి పట్టదు. అమెరికాని పడమటి దేశం అంటాం గానీ, ఓసారి గ్లోబు మీద దారం పెట్టి లాగి చూడండి. శంషాబాద్‌లో లేచినవాడు దాదాపు తిన్నగా ఉత్తరానికి పోయి, ధ్రువానికి ఓ 500 కిలోమీటర్ల పక్కగా దాటి అవతల దిగితే అదే డాలస్! ఉత్తరం అంటే కుబేర స్థానం. వంటగది ఎటు, మెట్లు ఎటు అని ప్రాణాలు తోడేసే వాస్తు పండితులు ఇంత పెద్ద విషయాన్ని ఎలా వదిలేశారో అర్థం కాదు.

అయితే కుబేరుడి దారి అంత సులువు కాదు. మధ్యలో హిమాలయాలు, కారకోరం కొండలు. విమానంలో గాలి పీడనం పడిపోతే ఊపిరాడే ఎత్తుకి, అంటే పది వేల అడుగులకి దిగాలి, అక్కడ నేలే అంతకంటే ఎత్తు. ఆపైన రష్యా, 2022 నుంచి అమెరికా విమానాలకి ఆ ఆకాశం బంద్. అందుకని మనవాళ్లు దోహా మీదుగా పోతారు. పెరిగే దూరం 1,250 కిలోమీటర్లే గానీ, ఎయిర్‌పోర్ట్ కుర్చీల్లో కునికిపాట్లు కూడా కలిపితే మొత్తం 23 గంటలు అనుకోండి.

ఇప్పుడు అసలు లెక్క. చలికాలంలో డాలస్ గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక. తెల్లవారుజామున నాలుగింటికి ఇక్కడ విమానం ఎక్కినవాడు అదే రోజు మధ్యాహ్నం మూడున్నరకి అక్కడ దిగుతాడు. అంటే గడియారం సాక్షిగా పట్టింది పదకొండున్నర గంటలే. అదే తిరిగొచ్చేటప్పుడు, పైన ఆకాశంలో పడమటి నుంచి జోరుగా వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెనక నుంచి తోసి ఓ గంట కలిసొచ్చినా, ముప్పై మూడున్నర గంటలు. పోవడానికి ఒక పూట, రావడానికి దాదాపు రోజున్నర! ఏ కొడుకైనా ఎందుకొస్తాడండీ? పాపం కోడల్ని ఆడిపోసుకున్నాం.

కనుక కేంద్రానికి నా విన్నపం, కనీసం పండగ వారం రోజులైనా మన గడియారాలని డాలస్ టైమ్‌కి మార్చాలి. భోగి మంటలు సాయంత్రం ఐదున్నరకి వేసుకోవాల్సి వస్తుంది, వేసుకుందాం. పంతుళ్లు తిథుల దగ్గర కాస్త గొడవ చేస్తారు, మామూలే. రావడం మాత్రం ఒక్క దెబ్బతో 22 గంటలకి దిగుతుంది.

అప్పుడూ రాకపోతే వీసా స్టాంపింగ్ అంటారు. అది కిలోమీటర్లలో కొలిచేది కాదు, ఆ శాఖ వేరు.