చైనాలో డిప్రెషన్ లేదట!

వారం రోజుల్లో నాలుగుసార్లు వచ్చింది నాకు ఈ మెసేజ్. మొదట కాలనీ గ్రూపులో, తర్వాత డిగ్రీ స్నేహితుల గ్రూపులో రెండుసార్లు, ఆఖరికి మా ఇంటివాళ్ళ గ్రూపులో బాబాయి పెట్టాడు. చాంతాడంత ఉంది కానీ సారాంశం ఇంతే: "చైనా భాషలో డిప్రెషన్ అన్న మాటే లేదు. 140 కోట్ల జనం ఉన్నా అక్కడ మానసిక రోగులు నామమాత్రం. కారణం ఉమ్మడి కుటుంబం, పెద్దల మీద గౌరవం. కౌన్సెలింగ్ అనే మాట లేకుండానే ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గించుకున్నారు. తాయ్ చీ, గ్రీన్ టీ ఉండగా వాళ్ళకి సైకియాట్రిస్టుతో పనిలేదు. మానసిక వైద్యం అమెరికా మందుల కంపెనీల వ్యాపారం. మాత్రలు పక్కన పెట్టండి, పదిమందికి పంపండి."

మామూలుగా అయితే దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకునేవాణ్ణి. కానీ దాని కింద మా పిన్ని అడిగింది: "అయితే నా రాత్రి మాత్ర ఆపేయొచ్చా?" రెండేళ్ళుగా వాడుతోంది ఆవిడ. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ఆ "మాటే లేదు" సంగతి. ఉంది. యీయూజెంగ్ అంటారు. యీ అంటే అణచడం, యూ అంటే లోపల పేరుకుపోవడం, జెంగ్ అంటే జబ్బు. ఈ "యూ" నిన్నమొన్నటిది కాదు. 14వ శతాబ్దపు వైద్యుడు ఝూ దాన్‌షీ దాన్ని ఆరు రకాలుగా విడదీశాడు. లోపల ఏదైనా పేరుకుని ఆగిపోయిందంటే రోగాలన్నీ అక్కడి నుంచే పుడతాయన్నది ఆయన మాట. అది ఇవాళ్టి డిప్రెషన్‌తో అచ్చంగా ఒకటి కాదు, నిజమే. కానీ అంతకుముందటి సాంగ్ రాజుల కాలం నుంచీ లోలోపల కుమిలే మనిషికి షియావ్‌యావ్ సాన్ అనే మూలికల పొడి ఇస్తూనే ఉన్నారు. ఆ పేరుకి "నిశ్చింతగా తిరిగే పొడి" అని అర్థం చెప్పుకోవచ్చు. అసలు బాధే లేనివాళ్ళు ఆ పొడి ఎందుకు నూరుకున్నట్టు?

అయితే ఈ అబద్ధం చాటున ఒక నిజం నక్కి ఉంది. దాన్ని దాటేస్తే నేనూ ఆ మెసేజ్ రాసినవాడితో సమానమే. 1980ల దాకా చైనా ఆసుపత్రుల్లో డిప్రెషన్ అని చీటీ మీద రాయడం నిజంగానే అరుదు. ఎక్కువగా రాసే మాట షెన్‌జింగ్ ష్వాయ్‌రువో. తెలుగులోకి అక్షరాలా దించితే "నరాల బలహీనత". (మన ఊళ్ళలో గోడల మీద ఆ మాటని వేరే వైద్యానికి వాడుకుంటారనుకోండి, ఆ ముచ్చట ఇక్కడొద్దు.) తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, కళ్ళు తిరగడం, నీరసం, మతిమరుపు, అన్నీ అందులోకే వచ్చేవి. తమాషా ఏంటంటే ఇది కూడా అమెరికా సరుకే. 1869లో జార్జ్ బియర్డ్ అనే అమెరికా డాక్టరు ప్రచారంలో పెట్టిన పేరు జపాన్ మీదుగా చైనా చేరింది. పుట్టిన చోట దాన్ని మర్చిపోయారు, చైనావాళ్ళు గట్టిగా పట్టుకున్నారు.

ఎందుకు పట్టుకున్నారో ఆలోచించండి. 1966 నుంచి 1976 దాకా సాంస్కృతిక విప్లవం నడిచింది. మనస్తత్వశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమని ముద్రవేసి యూనివర్సిటీల్లో మూసేశారు. ఆ రోజుల్లో "నాకు బతుకు మీద ఆశ పోయింది" అని ఎవరైనా అంటే అది జబ్బు చెప్పుకున్నట్టు కాదు, రాజకీయం మాట్లాడినట్టు. విప్లవం మీద నమ్మకం పోయిందా అని నిలదీస్తారు. తలనొప్పిని మాత్రం ఎవరూ నిలదీయరు.

1980లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికా సైకియాట్రిస్టు హూనాన్ రాష్ట్రంలో చాంగ్‌షాలోని వైద్య కళాశాలకి వెళ్ళాడు. నరాల బలహీనత అని రాసి ఉన్న 100 మంది రోగులతో తీరిగ్గా కూర్చుని మాట్లాడాడు. వాళ్ళలో 87 మందికి డిప్రెషన్ అని తేలింది. తలనొప్పి అంటూ వచ్చిన మనిషిని ఇంకాస్త అడిగితే విప్లవం రోజుల అవమానాలు, పని చోట పడే నరకం, చెదిరిన సంసారం బయటికొచ్చాయి. డిప్రెషన్ మందులిస్తే చాలామందికి లక్షణాలు తగ్గాయి. కానీ ఇంటి గొడవ, పని చోట గొడవ తీరనివాళ్ళు "నాకింకా బాగవలేదు" అనే అన్నారు. మాత్ర ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఆ చాంగ్‌షా రోగులు చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదనిపిస్తుంది నాకు.

మనకిది కొత్తా? మా పిన్ని రెండేళ్ళ కిందట తల దిమ్మంటోందని, అరికాళ్ళు మంటలని తిరగని డాక్టరు లేడు. తలకి స్కానింగ్, మెడకి ఎక్స్‌రే, కడుపులోకి గొట్టం. అన్నీ నార్మలే. ఆరో డాక్టరు రిపోర్టులు పక్కన పెట్టి "ఇంట్లో ఏం జరుగుతోందమ్మా" అని అడిగితే పిన్ని గంటసేపు ఏడ్చింది. ఆ ఫైలు ఇప్పటికీ వాళ్ళ బీరువాలో ఉంది, నాలుగు వేళ్ళ మందం.

ఇవాళ్టి చైనా కుర్రకారుకి ఆ చాటుమాటు కూడా అక్కర్లేదు. 2012లో వెయ్‌బో అనే చైనా సోషల్ మీడియాలో ఒక విద్యార్థి తనకి డిప్రెషన్ ఉందని రాసి చనిపోయారు. ఆ చివరి పోస్టు కింద ఇన్నేళ్ళ తర్వాత కూడా జనం వచ్చి తమ గోడు రాసుకుంటూనే ఉన్నారు. వ్యాఖ్యలు పది లక్షలు దాటాయి. ఇలాంటి చోటుని "చెట్టు తొర్ర" అంటారు, ఎవరికీ చెప్పుకోలేనిది చెట్టు తొర్రలో చెప్పుకోవడమన్నమాట.

రెండోది, "రోగులు నామమాత్రం". ఎవరు లెక్కపెట్టారు అని అడగాలి. 2001 నుంచి 2005 మధ్య నాలుగు రాష్ట్రాల్లో 63,000 మందిని పరీక్షించి చూస్తే 17.5 శాతం మందిలో ఏదో ఒక మానసిక సమస్య కనబడింది. వాళ్ళలో మానసిక వైద్య నిపుణుల్ని ఒక్కసారైనా కలిసినవాళ్ళు నూటికి ఐదుగురే. తర్వాత 2013-15లో దేశమంతటా చేసిన సర్వేలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడ్డవాళ్ళు 6.8 శాతం. అమెరికాతో పోలిస్తే తక్కువే, ఒప్పుకుంటాను. ముక్కూమొహం తెలియని మనిషి గుమ్మంలో నిలబడి "మీకు చచ్చిపోవాలనిపించిందా" అని అడిగితే, మన వీధిలో మాత్రం ఎంతమంది నిజం చెబుతారు? అదే సర్వేలో ఇంకో అంకె ఉంది, అది ఏ ఫార్వర్డులోనూ రాదు. గడిచిన ఏడాదిలో డిప్రెషన్‌తో బాధపడ్డవాళ్ళలో ఏదో ఒక వైద్యం అందింది 9.5 శాతానికి. సరిపడా వైద్యం అందింది 0.5 శాతానికి. అంటే 200 మందిలో ఒక్కరికి. చీటీ రాసే డాక్టరే ఎదురుగా లేనప్పుడు చీటీలో రోగం ఎలా కనబడుతుంది?

ఉమ్మడి కుటుంబం ముక్క చదివి నవ్వొచ్చింది. 2020 జనాభా లెక్కల ప్రకారం చైనాలో ఇంటికి సగటున 2.62 మంది. ముగ్గురు కూడా లేరు. 1980 నుంచి 2015 దాకా ఒక్క బిడ్డ చట్టం. తల్లిదండ్రులు పట్నం ఫ్యాక్టరీలకి పోతే ఊళ్ళో తాతానానమ్మల దగ్గర మిగిలిపోయిన పిల్లలు ఒక దశలో 6 కోట్ల పైచిలుకు. తాతలూ అమ్మమ్మా నానమ్మా కలిపి నలుగురు, తల్లిదండ్రులు ఇద్దరు, ఆరుగురి ఆశలూ జూన్‌లో జరిగే ఒక్క గావ్‌కావ్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష మీద, దాన్ని రాసే ఒక్క పిల్ల మీద. ఎంసెట్, జేఈఈ ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఆ టెన్షన్ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

పైగా కుటుంబం అన్నివేళలా మందు కాదు. "ఇంటి గుట్టు బయటపెట్టకు" అనే సామెత వాళ్ళకీ ఉంది. తీవ్రమైన జబ్బున్న మనిషిని ఏం చేయాలో తోచక ఇంట్లోనే గొలుసులతో కట్టేసి, గదిలో పెట్టి తాళం వేసుకున్న కుటుంబాలున్నాయి. వాళ్ళది క్రూరత్వం అనలేను, చాలావరకు డబ్బు లేకపోవడం. 2004లో ప్రభుత్వం మొదలుపెట్టిన పథకానికి "686" అని పేరు, మొదటి ఏడాది ఇచ్చింది 68.6 లక్షల యువాన్లు కాబట్టి. ఇలా బందీలైనవాళ్ళని వెతికి, తాళాలు తీయించి, వైద్యం చేయించడం అందులో ఒక భాగం. దీనికి అవతలి కొస కూడా ఉంది. ఆస్తి తగాదాల్లోనో, అధికారుల మీద ఫిర్యాదు చేశాడనో బాగున్న మనిషిని ఆసుపత్రిలో పడేయడం. దానికి చైనావాళ్ళు ఒక మాటే పుట్టించారు, "బెయ్ జింగ్‌షెన్‌బింగ్", పిచ్చివాడిగా చేయబడటం. 2013 మే 1న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, ఆసుపత్రిలో చేరడం రోగి ఇష్టం మీదే జరగాలని రాసింది, కొన్ని మినహాయింపులతో.

ఆత్మహత్యలు తగ్గిన మాట నిజం. 1995-99 మధ్య ఏటా లక్షకి 23 మంది, ఇప్పుడు పదిలోపే. కానీ కారణం గ్రీన్ టీ కాదు. అప్పట్లో పల్లెల్లో పట్నాలకి మూడు రెట్లు ఎక్కువ, మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. అత్తింట్లో గొడవ, చేతికందే దూరంలో పురుగుమందు. ఆ అమ్మాయిలు లక్షల్లో పట్నాలకి పనికెళ్ళిపోయారు. గొడవకీ దూరమయ్యారు, డబ్బాకీ దూరమయ్యారు. 2007లో ఐదు విషపు పురుగుమందుల్ని నిషేధించారు, మన పత్తి రైతులకి బాగా తెలిసిన మోనోక్రోటోఫాస్ వాటిలో ఒకటి. మెసేజ్ పొగిడిన పాత కుటుంబం నుంచి బయటపడటం కూడా ఆ తగ్గుదలకి ఒక కారణమన్నమాట! ఇక 15-24 ఏళ్ళవాళ్ళలో 2017 తర్వాత ఆ అంకె మళ్ళీ పైకే పోయింది.

"సైకియాట్రిస్టుతో పనిలేదు" అన్నదానికి ఎక్కువ చెప్పను. చైనాలో మొదటి మానసిక ఆసుపత్రి 1898లోనే గ్వాంగ్‌ఝౌలో పెట్టారు. 2010ల్లో లక్ష మందికి ఇద్దరు సైకియాట్రిస్టులే ఉన్నారని వాళ్ళే మొత్తుకున్నారు, మనకి ఒకరు కూడా లేరు. 2025లో దేశమంతటికీ 12356 అనే ఒకే హెల్ప్‌లైన్ నంబరు పెట్టుకున్నారు. మనకున్నది 14416, తెలుగులోనూ మాట్లాడతారు. ఇక తాయ్ చీ మంచి వ్యాయామం, చెయ్యండి. మాత్ర వేసుకుని కూడా చెయ్యొచ్చు.

షాంఘైలో వాన్‌పింగ్ దక్షిణ రోడ్డు, 600 నంబరు అంటే పెద్ద మానసిక ఆసుపత్రి. "నువ్వు 600 నుంచి వచ్చావా" అన్నది ఆ ఊరి వెక్కిరింత, మనం ఎర్రగడ్డ అన్నట్టు, విశాఖవాళ్ళు చినవాల్తేరు అన్నట్టు. 2021లో శరదృతువు పండక్కి ఆ ఆసుపత్రి క్యాంటీన్ మూన్‌కేకుల మీద అదే చిరునామా అచ్చువేసింది. ఫొటోలు బయటికి రాగానే కుర్రాళ్ళు మాకూ కావాలంటూ ఎగబడ్డారు. బయట అమ్మం అని ఆసుపత్రి చెప్పాల్సి వచ్చింది. ఎర్రగడ్డ పేరు అచ్చేసిన అరిసెల డబ్బా కోసం మనవాళ్ళు ఎగబడే రోజు ఎప్పుడొస్తుందో!

చివరిగా "అమెరికా వ్యాపారం". మందుల్లో వ్యాపారం లేదని ఎవరంటారు? కానీ ఈ కథలో కొనేవాడెవరో అమ్మేవాడెవరో చూడండి. ఫ్లూఆక్సిటీన్ అనే డిప్రెషన్ మాత్రని 2001లో అమెరికా మార్కెట్లో జెనెరిక్‌గా దింపినవాటిలో మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ఒకటి.

పిన్నికి గ్రూపులో జవాబివ్వలేదు, ఫోన్ చేశాను. ఆ మాత్ర ఒక్కసారిగా ఆపితే కళ్ళు తిరుగుతాయి, నిద్ర చెడుతుంది, జబ్బు తిరగబెట్టొచ్చు, ఆపాలంటే డాక్టరే కొద్దికొద్దిగా తగ్గిస్తారు అని చెప్పాను. "రెండ్రోజులుగా వేసుకోలేదురా" అంది. మంగళవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది, బాబాయే తీసుకెళ్తానన్నాడు.