దీపం చాలదు ప్రభూ, హైమాస్ట్ లైటు కావాలి

చిత్తూరు క్రైస్తవుల తరఫున, నన్నెవరూ ఎన్నుకోకపోయినా, దేవుడికి ఒక అర్జీ పెట్టుకుంటున్నాను. విషయం: వెలుతురు చాలకపోవడం.

"నీ వాక్యము నా పాదములకు దీపమును నా త్రోవకు వెలుగునై యున్నది" అని 119వ కీర్తన 105వ వచనం. మా హాల్లో గోడ మీద ఫ్రేము కట్టించి పెట్టుకున్నాం. పాతికేళ్లుగా దాని కిందే కూర్చుని కాఫీ తాగుతున్నాను గానీ సరిగ్గా చదివింది ఈమధ్యే. పాదాలకు దీపం అట. ఎంత దూరం కనపడుతుందండీ దాంతో? ఒక అడుగు, మహా అయితే రెండు. ఊళ్లో కూడలి కూడలికీ హైమాస్ట్ లైట్లు పాతుతున్న రోజుల్లో సర్వశక్తిమంతుడు ఇంకా దీపం దగ్గరే ఆగిపోతే ఎట్లా?

రేపేం జరుగుతుందో ముందే కనపడాలి మాకు, మా అవసరాలేమన్నా చిన్నవా. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని మూడు నెలలకోసారి టెన్షన్. 2025 సెప్టెంబరులో అమెరికా వాళ్లు కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అనేసరికి మా ప్రార్థన కూటంలో సగం విన్నపాలు రాత్రికి రాత్రి మారిపోయాయి. అంతకు ముందు వారం దాకా "ప్రభువు మావాణ్ణి అమెరికాకి నడిపిస్తున్నాడు" అని సాక్ష్యం చెప్పిన ఒక ఆంటీ, ఆ ఆదివారం లేచి "ప్రభువు మావాణ్ణి కెనడాకి నడిపిస్తున్నాడు" అంది. దేవుడికి కూడా ఫీజు ఎక్కువనిపించిందా ఆంటీ అని అడగబోయాను. మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

సరే, దీపంతో పని జరగడం లేదు కాబట్టి మేమే కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు కొట్టగానే పళ్లెంలో వాగ్దాన కార్డులు తిప్పుతారు. కళ్లు మూసుకుని ఒకటి తీయాలి, ఏడాదంతా అదే మనకు దేవుడిచ్చిన మాట. చెట్టు కింద చిలక జోస్యం చెప్పించుకునేవాళ్లని చూస్తే మాకు ఎంత జాలో! మాకు చిలకతో పని లేదు, చిలక పని మేమే చేసుకుంటాం. పైగా ఆ కార్డులు అచ్చు వేసేవాళ్లు మహా తెలివైనవాళ్లు. "లోకములో మీకు శ్రమ కలుగును" అనే ముక్క యేసుప్రభువు నోటి మాటే, యోహాను 16లో ఉంది, కానీ నా ఇన్నేళ్ల అనుభవంలో అది తగిలినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. అందరికీ తగిలేది "తలగా ఉంటావు గాని తోకగా ఉండవు" అనే వాగ్దానమే. అందరూ తలలే అయితే తోక ఎవరు అని సండే స్కూల్లో ఒక పిల్ల అడిగిందట. దాన్ని వెంటనే పాటల గ్రూపులోకి మార్చారు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. తిరుపతి రోడ్డులో ఒక ప్లాటు చూశాను. మంగళవారం లక్ష రూపాయలు అడ్వాన్సు ఇచ్చేసి, బుధవారం నుంచి దేవుని చిత్తం తెలుసుకోవడానికి మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాను (పొద్దున టిఫిను మానేసి మధ్యాహ్నం రెండింటికి భోంచేసే ఉపవాసం, షుగర్ ఉంది కదా). మూడో రోజు కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెడితే ప్రసంగి గ్రంథం మొదటి పేజీ వచ్చింది, సమస్తమూ వ్యర్థమే అని. ఫ్యాను గాలికి పేజీ తిరిగి ఉంటుందని ఫ్యాను ఆపించి మళ్లీ తెరిచాను. ఈసారి ద్వితీయోపదేశకాండంలో ఏదో కుష్ఠురోగం సంగతి. అది ప్లాటుకు వర్తించదు. మూడోసారి కాస్త ముందుకు జరిగి, ఎక్కడ ఉంటుందో నాకు తెలిసిన చోటే, యెహోషువ మొదటి అధ్యాయంలో వేలు పడింది. అడుగు పెట్టిన ప్రతి స్థలమూ ఇస్తానన్న మాట! ఇంకేం కావాలి. రిజిస్ట్రేషన్ అయింది, సంఘంలో సాక్ష్యం చెప్పాను, కానుక కూడా వేశాను. నవంబరు వానలకి తెలిసింది, దేవుడు నాకిచ్చిన స్థలం వంక పోరంబోకు అని. మోకాళ్ల లోతు నీళ్లు. అప్పుడు లేచి "సాతాను శోధన" అని రెండో సాక్ష్యం చెప్పాను. రెండు సాక్ష్యాల్లోనూ మంగళవారం ప్రస్తావన మాత్రం రాలేదు.

బైబిల్లో గిద్యోను దేవుణ్ణి గుర్తు అడిగితే తప్పు లేదు గానీ నేనడిగితే తప్పా అని ఎవరన్నా అనొచ్చు. గిద్యోను గొర్రెబొచ్చు కళ్లంలో పరిచి, బొచ్చు మాత్రం తడవాలి నేల ఆరి ఉండాలి అన్నాడు, అలాగే జరిగింది, మర్నాడు మాట మార్చి బొచ్చు ఆరి ఉండాలి నేల తడవాలి అన్నాడు, అదీ జరిగింది. కానీ ఏం చేయాలో అతనికి అప్పటికే చెప్పేశాడు దేవుడు, న్యాయాధిపతులు 6లో బొచ్చు కంటే చాలా ముందే ఉంది ఆ మాట. బొచ్చు ఆరిందా తడిసిందా అన్నది అతని భయం సంగతి. నాది కొంచెం వేరు. చేసేయాల్సింది చేసేసి, దేవుణ్ణి గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కోసం పిలిచాను.

పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం మేము చాలా భక్తిగా ఉంటాం. "ప్రార్థన చేసి చెప్తాం బ్రదర్" అంటే ఇంకో సంబంధం చూస్తున్నామని. "మాకు మనసులో సమాధానం కలగలేదు" అంటే జీతం సరిపోలేదని. "ప్రభువు ద్వారం మూసేశాడు" అంటే అవతలివాళ్లే వద్దన్నారని. ఎంత బంగారం పెడతారో అడగడానికి మాత్రం ఎవరూ ఉపవాసం ఉండరు, అది నేరుగా అడుగుతారు.

ఇక యిర్మీయా 29:11. మీ గురించి నాకున్న ఉద్దేశాలు మేలుకే గాని కీడుకి కాదు అని దేవుడు చెప్పే వచనం, బబులోనుకు చెరగా పోయిన యూదులకి యిర్మీయా రాసిన ఉత్తరంలోది. కప్పుల మీద, కారు అద్దాల మీద, మా అబ్బాయి ల్యాప్‌టాప్ మీద. దానికి ఒక్క మెట్టు పైన 10వ వచనంలో ఏముందంటే, బబులోనులో 70 ఏళ్లు గడవాలి, ఆ తర్వాతే వెనక్కి తెస్తాను అని. డెబ్బై ఏళ్లు! ఆ ఉత్తరం విన్నవాళ్లలో పెద్దలు తిరిగి ఊరు చూడరన్నమాట. ఇంకా పైన 5, 6 వచనాల్లో వాళ్లకి ఇచ్చిన మార్గదర్శనం ఏమిటంటే: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి. అంతే. ఎప్పుడు ఏ రాజు పోతాడో ఏ రాజు వస్తాడో ఒక్క ముక్క లేదు. ఇదేం మార్గదర్శనం? మా పక్కింటివాళ్లు చెప్పినా ఇదే చెప్తారు.

అపొస్తలుడు పౌలు సంగతి ఇంకా ఘోరం. మాసిదోనియకు వచ్చి సాయం చేయమని రాత్రి దర్శనం వచ్చింది, పాపం నమ్మి వెళ్లాడు, ఫిలిప్పీలో బెత్తాలతో కొట్టి చెరసాలలో వేశారు. మా సంఘంలో అయితే ములాఖత్‌కి వెళ్లి "బ్రదర్, అది దేవుని నడిపింపు కాదేమో, ఇంకోసారి ప్రార్థనలో కనిపెట్టండి" అని సలహా ఇచ్చేవాళ్లం.

మనకు దగ్గర్లో ఇంకో కేసు ఉంది. చిత్తూరులో ఎవరికి గుండె నొప్పి వచ్చినా బండి వేలూరు వైపే తిరుగుతుంది కదా, అక్కడి సీఎంసీ ఆసుపత్రి పెట్టిన ఇడా స్కడర్. మిషనరీల ఇంట్లో పుట్టి, నాకీ పని వద్దే వద్దు అనుకున్న అమ్మాయి. 1890లో తల్లికి బాగోలేదని వచ్చింది, చూసి వెళ్లిపోదామని. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మా ఆవిడ కాన్పు కష్టమై ఉంది మీరు రండి అన్నారు. నేను డాక్టర్ని కాదు, మా నాన్న డాక్టరు అంది. మగ డాక్టరు వద్దన్నారు ముగ్గురూ. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ పోయారు. వెళ్లి డాక్టరీ చదివి వచ్చి, 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. మరి ఆ ఏడాది ఆమెకి ఏ వాగ్దాన కార్డు వచ్చిందో! నాకు ఆ కారిడార్లో స్కానింగ్ కోసం కూర్చున్నప్పుడల్లా ఇది గుర్తొస్తుంది, టోకెన్ నంబరు పిలవగానే మర్చిపోతాను.

మా సంఘంలోనే వెనక బెంచీలో కూర్చునే రైతు ఒకాయన ఉన్నాడు. సాక్ష్యం చెప్పడు, పాడితే శ్రుతి తప్పుతుంది. బంగారుపాళ్యం దగ్గర మూడెకరాలు తోతాపురి మామిడి తోట. 2025 సీజన్లో ఫ్యాక్టరీలు కిలోకి 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలు అని ప్రకటించినా గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన సంగతి జిల్లాలో అందరికీ తెలుసు. ఈయన కూడా ఆ లైన్లో రెండు రాత్రులు ట్రాక్టరు కిందే పడుకున్నాడు. ఫిబ్రవరిలో వాళ్ల తోటకి వెళ్లాను. పిందె పడుతూ ఉంది.

"చెట్లు కొట్టేసి ఇంకేదన్నా పెట్టకూడదా? ప్రార్థనలో ప్రభువు ఏం చెప్పాడు?" అన్నాను, పెద్దరికంగా.

"ఏం చెప్పలేదు అయ్యోరా," అన్నాడు. "రేపు పొద్దున నీళ్లు కట్టాలని తెలుసు. కడతా. ఆ మీదట ఆయన ఇష్టం."

ఇంతేనా విశ్వాసం అనుకున్నాను. మాటల్లో చీకటి పడింది. బోరు షెడ్డు దాకా నడవాలి, నా చేతికి టార్చి ఇచ్చాడు. షెడ్డు ఎక్కడుందో తెలియాలి కదా అని నేను టార్చి ఎత్తి దూరంగా కొట్టాను.

"కాళ్లకాడ కొట్టండి అయ్యోరా, పురుగూ పుట్రా ఉంటాయి," అంటున్నాడు వెనక నుంచి.

నాకు షెడ్డు కనపడింది. చాలా స్పష్టంగా కనపడింది. ముందున్న నీళ్ల కాలవే కనపడలేదు. మోకాలి దాకా బురద, ఎడమ కాలి చెప్పు లోపలే ఉండిపోయింది, కొత్తది.

అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు. హైమాస్ట్ కుదరకపోతే కనీసం ఇంకో నాలుగడుగులు ఎక్కువ కనిపించే ఏర్పాటు చేయమని కింద ఒక లైను చేర్చాను. మా ఆవిడ మొత్తం చదివి, కాగితం మడిచి నా చేతికిచ్చి, "ముందు పోయి ఆ చెప్పు తెచ్చుకోండి" అంది.