పొగ పరీక్ష ఉండాలి, బండి నడవాలి

తెలంగాణ రవాణా శాఖకు పంపడానికి మన పాత కార్ల అభిమానుల సంఘం సిద్ధం చేస్తున్న వినతిపత్రం ముసాయిదా చదివాను. అందులో ఒక అంశం నాకు మింగుడుపడలేదు. విదేశాల నుంచి తెచ్చుకునే పాతకాలపు కార్లకు కాలుష్య పరీక్ష నుంచి పూర్తి మినహాయింపు ఇవ్వాలన్నది ఆ కోరిక. దాన్ని తీసేయాలని సభ్యులందరినీ కోరుతున్నాను. పాత కార్లంటే ఇష్టం లేక కాదు, వాటిమీద ప్రాణం పెట్టుకున్నాను కాబట్టే ఈ మాట అంటున్నాను.

మినహాయింపు అడిగేవాళ్లు చూపే ఉదాహరణలు నిజమే. నేను ఉంటున్న బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ జరగని కారుకు 2018 నుంచి, బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎంఓటీ పరీక్ష అక్కర్లేదు. కాలిఫోర్నియాలో 1975లోనూ అంతకుముందూ తయారైన పెట్రోలు కార్లకు పొగ పరీక్ష లేదు. అయితే మనం ఈ కార్లను తీసుకెళ్తున్నది నల్లగొండకు. ఒక తరమంతా ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జిల్లా అది. ఉమ్మడి జిల్లాలోని చౌటుప్పల్ చుట్టుపక్కల ఊళ్లలో మందుల ఫ్యాక్టరీల వాసన గురించి ఎవరిని అడిగినా చెబుతారు. మిర్యాలగూడలో మిల్లుల బూడిద ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద పడుతుంది. ‘నా ఒక్క కారు పొగతో ఏమవుతుంది’ అని అక్కడికి వెళ్లి మనం అనలేం. ఆ మాట ప్రతి లారీ యజమానీ అంటాడు, ప్రతి మిల్లు యజమానీ అంటాడు. రోజు కూలి మీద బతికే ఆటో డ్రైవరు కాలుష్య ధ్రువపత్రం జేబులో పెట్టుకుని తిరుగుతుంటే, కారు ధరను మించిన సుంకం కట్టి సరదా కోసం బండి తెచ్చుకున్నవాడికి మినహాయింపు ఇమ్మనడం న్యాయం కాదు.

పైగా ఆ పరీక్ష గట్టెక్కలేనిదేమీ కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 115వ నిబంధన పాత కారును కొత్త కారుతో సమానంగా చూడదు. వాహనాల పొగకు మన దేశం పెట్టిన భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాల్లో రెండోదానికి ముందు తయారైన నాలుగు చక్రాల పెట్రోలు బండి, కదలకుండా నిలబడి ఇంజన్ తిరుగుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, కాలని ఇంధనమైన హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం (పది లక్షల్లో 1500 వంతులు) దాటకూడదు. బీఎస్-4 కారుకైతే ఆ హద్దులు 0.3 శాతం, 200 పీపీఎం. అంటే పాత బండికి దాని కాలానికి తగిన పరీక్షే పెడుతున్నారు. దాంట్లోనూ తప్పిందంటే ఇంజన్‌లో ఎక్కడో రోగం ఉన్నట్టే.

ఇది కళ్లారా చూసి చెబుతున్నాను. మిర్యాలగూడ మిత్రుడొకరు ఇంగ్లండు నుంచి 1971 నాటి ఎంజీబీ స్పోర్ట్స్ కారు తెప్పించుకున్నారు. రెండు సీట్లు, గుడ్డ టాపు, 1798 సీసీ ఇంజన్. నేను ఊరికి వెళ్లినప్పుడు ఇద్దరం కలిసి దాన్ని పరీక్షకు తీసుకెళ్లాం. కార్బన్ మోనాక్సైడ్ హద్దుకు చాలా దిగువనే ఉంది, హైడ్రోకార్బన్లు మాత్రం 1500 దాటిపోయాయి. యంత్రం దగ్గరున్న కుర్రవాడు పెట్రోలు ఎక్కువగా పోతోందనీ, తగ్గించుకుని రమ్మనీ అన్నాడు. అలా తగ్గించి ఉంటే పరిస్థితి ఇంకా చెడేది.

నల్లగొండలో ఒక పాత మెకానిక్ ఉన్నారు, గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు అందించే ఎస్‌యూ రకం కార్బురేటర్ల మీద చెయ్యి తిరిగిన మనిషి. బానెట్ ఎత్తగానే, “బండి కొత్తది గానీ ఇంజన్ మనకు తెలిసిందే సార్” అన్నారు. నిజమే. మన అంబాసిడర్‌ను దశాబ్దాల పాటు నడిపిన 1489 సీసీ ఇంజనూ ఈ ఎంజీబీ ఇంజనూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) తయారుచేసిన ఒకే బీ-సిరీస్ కుటుంబానివి. ఆయన ముందు ఇంజన్‌ను బాగా వేడెక్కనిచ్చారు. రెండు కార్బురేటర్ల నోళ్ల దగ్గరా రబ్బరు గొట్టం పెట్టి, రెండో కొస చెవికి ఆనించుకుని, గాలి చప్పుడు సమానం చేశారు. తర్వాత కార్బురేటర్ పక్కనున్న చిన్న పిన్నును వేలితో కాస్త పైకి నెట్టారు. అలా నెట్టినప్పుడు ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైందని అర్థం, తడబడి ఆగబోతే తక్కువైందని అర్థం. ఒక్క క్షణం పెరిగి మామూలుకు వస్తే సరిగా ఉన్నట్టు. ఇంజన్ తడబడింది.

కారణం మన బంకుల్లోని పెట్రోలు. ఇప్పుడు అందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి అంతే గాలికి ఇంధనం ఇంకాస్త ఎక్కువ కావాలి; ఇంగ్లండు పెట్రోలుకు సరిచేసిన కార్బురేటర్ ఇక్కడ సరిపడా ఇంధనం ఇవ్వలేకపోయింది. సిలిండర్లో మంట సరిగా అంటుకోక, కాలని పెట్రోలు అలాగే బయటికి వస్తోంది. హైడ్రోకార్బన్లు పెరిగింది అందుకే. ఆయన కింది నట్టును ఒక్కో ముఖం చొప్పున తిప్పుతూ, పెట్రోలు ఇంకాస్త వచ్చేలా, అది వచ్చే సన్న గొట్టమైన జెట్టును దించారు. మళ్లీ పరీక్షిస్తే కార్బన్ మోనాక్సైడ్ కొంత పెరిగింది గానీ 3 శాతం లోపే ఉంది, హైడ్రోకార్బన్లు హద్దులోకి దిగాయి. ఇథనాల్‌కు పాత రబ్బరు పైపులు ఉబ్బి పగులుతాయి, వాటిని ముందే మార్చుకోండని కూడా ఆయనే హెచ్చరించారు. మినహాయింపు ఉండి ఉంటే ఆ బండి ఆయన దగ్గరికి వెళ్లేదే కాదు. ఇంజన్ కొన్నాళ్లు అలాగే తడబడుతూ తిరిగి వాల్వులు కాల్చుకునేది.

ఇక కాగితాల సంగతి. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు ఉన్నంతలో మంచివే. మొదటి రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. దిగుమతి కారుకు కస్టమ్స్ వాళ్ల దిగుమతి పత్రం (బిల్ ఆఫ్ ఎంట్రీ) జతచేయాలి. ఏపీ 24 నుంచి టీఎస్ 05కు, అక్కడి నుంచి టీజీ 05కు మారిన మన జిల్లా సంఖ్య ఈ బండ్ల మీద కనిపించదు. రాష్ట్ర కోడ్ తర్వాత నేరుగా వీఏ అనే అక్షరాలు వస్తాయి. కారు కొనబోయేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి: 50 ఏళ్లను లెక్కించేది మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి. ఏడాది చివర్లో తయారై మరుసటి ఏడాది అమ్ముడుపోయిన కార్లు చాలా ఉంటాయి. డబ్బు కట్టే ముందే బ్రిటిష్ లాగ్‌బుక్‌లో (అక్కడి రిజిస్ట్రేషన్ పత్రంలో) ఆ తేదీ చూసుకోండి, చాసిస్ నంబరు ప్రతి కాగితంలోనూ ఒకేలా ఉందో లేదో సరిచూసుకోండి. దిగుమతి విధానంలోనూ ఒకప్పుడు 1950కి ముందు తయారైన కార్లకే ఉన్న వెసులుబాటును 2025లో 50 ఏళ్లు నిండిన కార్లకు విస్తరించారు. అంతకంటే చిన్న వయసు కార్ల మీద మనసుపడ్డవాళ్లకు మాత్రం దారి ఇరుకే. వాడిన మామూలు కారు తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికాలో ఉన్నవాళ్లు ఈ రెండో షరతు దగ్గరే ఆగిపోతారు.

మనం అసలు పోరాడాల్సిన చోటు వేరే ఉంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజ్ ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలని ఆ నిబంధనలే చెబుతున్నాయి. అలాంటి ర్యాలీలు హైదరాబాద్‌లో జరుగుతాయి. నల్లగొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉన్న మనిషి ఆ నిబంధనకు అక్షరాలా కట్టుబడితే బంకు దాకా, మెకానిక్ దాకా వెళ్లి రావాలి, అంతే. ఆదివారం పొద్దున్నే నాగార్జునసాగర్ దాకా వెళ్లి వస్తే తప్పవుతుంది.

నడవని ఇంజన్ శుభ్రంగా ఉండదు. ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది, కార్బురేటర్లో ఫ్లోట్ సూది అతుక్కుంటుంది, ప్లగ్గులకు మసి పడుతుంది, సైలెన్సర్‌లో తేమ చేరి తుప్పు పడుతుంది. ఇల్లు కదలని ముసలివాళ్లకు కీళ్లు పట్టేసినట్టే దీనికీ అన్నీ పట్టేస్తాయి. కాలుష్యం తగ్గించడానికి బండిని కట్టిపడేస్తే, బయటికి తీసిన రోజున అది ఇంకా ఎక్కువ పొగ వదులుతుంది. జర్మనీలో 30 ఏళ్లు దాటిన కారుకు చారిత్రక వాహనమని తెలిపే హెచ్ అక్షరమున్న నంబరు ప్లేటు ఇస్తారు, రెండేళ్లకోసారి సాంకేతిక తనిఖీ చేస్తారు, రోడ్డు మీద తిరగనిస్తారు. నాకు బ్రిటన్ పద్ధతి కన్నా అదే నచ్చింది.

పరీక్ష నాణ్యత కూడా మనం అడగాలి. గొట్టం సైలెన్సర్‌లో సరిగా పెట్టకుండానే కాగితం చేతికిచ్చే చోట్లు ఉన్నాయి, అందరికీ తెలుసు. వచ్చిన అంకెల అర్థం చెప్పగలిగే మనిషి యంత్రం దగ్గర ఉండాలి. వనపర్తి సంస్థానాధీశుల ప్యాలెస్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడి మెకానికల్ విద్యార్థులకు కార్బురేటర్ ఈనాడు పుస్తకంలో బొమ్మ మాత్రమే, కొత్త కార్లలో అది ఎక్కడా లేదు. నల్లగొండ మెకానిక్ లాంటివాళ్లను అక్కడికి పిలిచి, పొగ కొలిచే గ్యాస్ అనలైజర్‌ను ముందు పెట్టి, ఒక కోర్సు నడిపించే ఖర్చు మన సంఘం సులువుగా భరించగలదు. ఆయనకు వయసు మీదపడింది. షెడ్డులో పనివాళ్లున్నారు గానీ చెవితో కార్బురేటర్ సరిచేయడం నేర్చుకున్నవాళ్లు లేరు.

అందుకే ముసాయిదాలో మినహాయింపు అడిగే వాక్యం స్థానంలో ఈ కోరిక రాయాలి: ఏటా కచ్చితమైన కాలుష్య పరీక్షలో, బ్రేకులూ లైట్ల తనిఖీలో నెగ్గిన వింటేజ్ వాహనాన్ని సెలవు రోజుల్లో సొంత జిల్లా రోడ్ల మీద నడుపుకోవడానికి అనుమతించాలి. నిబంధన కేంద్రానిది కాబట్టి సవరణకు రాష్ట్రం సిఫారసు చేయాలని అడగాలి. పాలిటెక్నిక్ కోర్సుకు కేంద్రం నిర్ణయం కోసం ఆగాల్సిన పని లేదు, వచ్చే కార్యవర్గ సమావేశంలోనే దాన్ని చర్చకు పెట్టవచ్చు.