ఎండకాలం సెలవుల్లో పిల్లలకు నీడ ఎక్కడ?

2025లో మన తెలంగాణ బళ్లకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులిచ్చారు. లెక్కేస్తే 49 రోజులు. నల్గొండ, పాలమూరు మాడిపోయేదీ ఆ రోజుల్లోనే. నాలుగైదేళ్ల పిల్లలను అన్ని రోజులు ఎట్లా ఆడించాలన్నది ఇంటింటా టెన్షన్. చేతికి ఫోనివ్వాలి, లేదంటే వేలు కట్టి సమ్మర్ క్యాంపుకు పంపాలి అనుకుంటున్నారు చాలామంది. నిరుడు మా చెల్లె బిడ్డను మేమూ ఒక క్యాంపులో చేర్చాం. ఇరుకు గదిలో పొద్దంతా కూర్చోబెట్టారు. వారానికే పోనని ఏడ్చింది, మానిపించాం.

తర్వాత నెలరోజులు దాన్ని ఆడించింది మా అమ్మ. చింతగింజలను బండకు రుద్ది ఒకవైపు తెల్లగా చేసింది. గచ్చు మీద సుద్దముక్కతో అష్టాచమ్మా గళ్లు గీసింది. నాలుగు గింజలూ తెల్లగా పడితే చమ్మా, అంటే 4. నాలుగూ నల్లగా పడితే అష్టా, 8. పందెం వేస్తూ, కాయ జరుపుతూ పిల్ల కూడికలు నేర్చింది. ఓడితే అలిగేది, కాసేపటికి తనే వచ్చి మళ్లీ కూర్చునేది. (ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే మాత్రం గింజలు నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండాలి.) ముంజలు తిన్నాక మిగిలిన రెండు తాటికాయలకు నడుమ పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోస్తే బండి. మట్టి ముద్దతో ఎడ్లు. గద్వాల వైపు నడిగడ్డలో మట్టెద్దుల అమావాస్యకు ఇంటింటా చేసే ఎడ్లే అవి. మట్టి పిసికిన వేళ్లకు రేపు పెన్సిల్ పట్టుకునే బలం వస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది నీడ ఆట. పొద్దున 7 గంటలకు పిల్లను వాకిట్లో నిలబెట్టి నీడ చుట్టూ సుద్దతో గీయాలి. 10 గంటలకు అదే చోట ఇంకోసారి. నీడ ఎందుకు పొట్టిదైందని అదే అడుగుతుంది. మే మొదటి పది రోజుల్లో మన నల్గొండ, పాలమూరు వైపు ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. 12 దాటిన పది, పదిహేను నిమిషాలకు స్టీలు గ్లాసు బోర్లిస్తే పక్కన నీడే పడదు. ఒక్క నిమిషం చూపించి లోపలికి తీసుకురండి చాలు. ఆ తర్వాత ఒక పొద్దున నల్గొండ దగ్గరి పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లండి. అక్కడ లింగం వెనక నీడ పొద్దంతా కదలదు. స్తంభాల సందుల్లోంచి పలువైపుల వెలుతురు వచ్చేలా ఆ గుడిని కట్టారు. వారం రోజులు తన నీడను కొలుచుకున్న పిల్లకు అది ఎంత వింతో వేరే చెప్పాలా!

అయితే ఇదంతా ఇంట్లో చల్లటి జాగా, పెద్దమనిషి ఉన్నవాళ్లకు. రేకుల ఇంట్లో ఉంటూ, అమ్మానాన్నలు కూలికి పోయిన పిల్లల మాటేంటి? వాళ్లకు పైసల కంటే ముందు కరువైంది నీడ. ఆడుకునే చోటు లేకనే కాస్త పెద్ద పిల్లలు బావులకు, కాల్వలకు పోతున్నారు, చిన్నవాళ్లు వాళ్ల వెంట పడుతున్నారు. మునిగిపోయారన్న వార్త లేకుండా ఏ ఎండకాలమూ గడవడం లేదు.

ఊళ్లో వేపచెట్టు, వరండా, బోరు ఉన్న చోటు చాలాసార్లు సర్కారు బడే. సరిగ్గా ఆ 49 రోజులే దానికి తాళం. ఇది నాకు అస్సలు మింగుడుపడదు. పాలమూరు పిల్లలమర్రి 700 ఏళ్లుగా నీడనిస్తోందని గొప్పగా చెప్పుకుంటాం, బడి చెట్టు కిందికి మాత్రం పిల్లలను రానివ్వం. గ్రంథాలయాల కోసం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు ఎప్పటినుంచో కడుతూనే ఉన్నాం. ఆ పైసల్లోంచి బొమ్మల పుస్తకాలు కొన్ని ఈ వరండాలకు రావాలి. పొద్దున 7 నుంచి 10 దాకా, సాయంత్రం 5 తర్వాత గేటు తీస్తే చాలు. అష్టాచమ్మా తెలిసిన ఒక పెద్దమ్మకు పంచాయతీ రోజుకూలి కట్టివ్వాలి. కుండలో నీళ్లు, రెండు చాపలు ఊరివాళ్లే తెస్తారు.