వాటర్ కలర్ షీటు గారికి నల్లగొండ నుంచి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వాటర్ కలర్ షీటు గారి దివ్యసముఖమునకు,

గడియారం సెంటర్ స్టేషనరీ షాపుల్లో, టెన్త్ గైడ్లకూ చార్టుల కట్టలకూ మధ్య చుట్ట చుట్టుకుని నిద్రపోయే తమరికి నమస్కరించి రాయునది. ఇక్కడ బ్రష్షులు క్షేమం, రంగులు క్షేమం. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మాత్రం క్షేమంగా లేదు. గర్భగుడిలో రోజంతా కదలని నీడకు పేరుపడ్డ గుడి అది. నిన్న పొద్దున తమరి మీద ఆ నీడ కోసం ఒక్క నీలి వాష్ (పలుచని రంగునీళ్ల పూత) వేస్తే, నిమిషం తిరక్కుండానే చారలు చారలుగా విడిపోయింది. వందల ఏళ్ల నుంచీ చెదరని నీడను చెదరగొట్టిన ఘనత తమరిదే. అభినందనలు.

కవరు మీద తమరి బిరుదులు చదివాం. "ఆర్టిస్ట్ క్వాలిటీ" అట. "300 జీఎస్ఎమ్" అట. చదరపు మీటరుకు 300 గ్రాములు. అబద్ధమని అనడం లేదు, త్రాసులో పెడితే తూగుతారు కూడా. కానీ మహాప్రభో, బరువు తమరి మందం సంగతి చెప్తుంది. రంగు తమరి మీద నిలుస్తుందా లేదా అనేది చెప్పాల్సింది సైజింగ్, అంటే నీళ్లు చప్పున ఇంకకుండా కాగితానికి పట్టించే బంక. ఆ మాట కవరు మీద వెతికితే ఎక్కడా లేదు. ఒంట్లో లేనిది కవరు మీద ఎలా ఉంటుంది లెండి.

మంచి కాగితానికి సైజింగ్ రెండు విడతల్లో పడుతుంది. గుజ్జు దశలో ఒకసారి లోపల కలుపుతారు. షీటు తయారయ్యాక జెలటిన్ వంటిదానితో పైపూత వేస్తారు. ఆ పైపూత పుణ్యాన రంగునీళ్లు వెంటనే ఇంకిపోకుండా కాసేపు పైనే ఉంటాయి. బోర్డును ఒక వైపు కాస్త ఎత్తి, నిండుగా రంగు పట్టిన బ్రష్షును ఎడమ నుంచి కుడికి లాగితే, గీత కింది అంచున నీళ్లు ఉబ్బుగా నిలవాలి. తర్వాతి గీత ఆ ఉబ్బును తాకి కిందికి దింపుకోవాలి. అలా అడుగుదాకా దింపుకుంటూ పోతేనే అతుకు కనబడని వాష్. తమరి దగ్గర ఆ ఉబ్బు బతకదు. బ్రష్షు రంగు గిన్నెలోకి పోయి వచ్చేలోపు తమరు మొత్తం తాగేసి ఉంటారు. రెండో గీత తడి అంచు మీద పడాల్సింది ఆరిన అంచు మీద పడుతుంది. అదీ చార. సరిచేద్దామని ఇంకో చుక్క నీళ్లు పెడితే, అవి సగం ఆరిన రంగును పక్కలకు నెట్టి కాలీఫ్లవర్ లాంటి మరకలు పూయిస్తాయి.

ఎండను సాక్ష్యానికి పిలుస్తారేమో. మే నెలలో నల్లగొండలో ఏ వాష్ అయినా ఆరిపోతుంది, నా తప్పేంటి అంటారేమో. ఎండ సంగతి మాకు తెలుసు. వాష్ వేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ కట్టేస్తాం. పొద్దున ఎనిమిది లోపే పెద్ద వాష్‌లు ముగించుకుంటాం. ముందుగా షీటు వెనకవైపు తడి స్పాంజితో తుడుస్తాం. రంగు గిన్నెలో రెండు చుక్కల గ్లిజరిన్ కూడా వేస్తాం. ఎక్కువైతే బొమ్మ రోజుల తరబడి జిగటగా ఉంటుందని తెలిసే రెండు చుక్కల దగ్గర ఆగుతాం. అదే గదిలో, అదే ఎండలో, అదే బ్రష్షుతో నూటికి నూరు పాళ్లు పత్తి షీటు మీద వేస్తే ఉబ్బు నిలుస్తుంది. కాబట్టి ఆ సాక్షి చెల్లదు.

పోనీ మొదటి పొర చారలతోనే ఆరిందనుకుందాం. నీడలో నీడ కావాలంటే దాని మీద ఇంకో పొర పడాలి. బ్రష్షు ఒకే చోట రెండుసార్లు తిరిగితే చాలు, తమరి ఒంటి మీద నూగు లేచి ఉండలు కడుతుంది. తడి బ్రష్షుతో రుద్ది టిష్యూతో అద్ది వెలుగు తీద్దామంటే రంగు బయటికి రాదు. ఎందుకొస్తుంది, పైన ఉంటే గదా. అప్పుడే పోగుల లోపలికి దిగిపోయింది.

ఏందయ్యా గిది? మర్యాద ఇచ్చి మర్యాద ఇచ్చి నోరు నొస్తుంది. ఇగ నువ్వు అనే అంటా.

"స్ట్రెచ్ చేస్తే సక్కగైతది" అని నీ తరఫున చెప్పేటోళ్లు శానమంది ఉన్నరు. చేసినం. టబ్బుల ఐదు నిమిషాలు నానబెట్టి, ప్లైవుడ్ మీద పరిచి, నాలుగు అంచులకు గమ్ టేపు వెయ్యాలె. పార్సిళ్లకు అంటించే ప్లాస్టిక్ బ్రౌన్ టేపు కాదు, తడిపితేనే అంటుకునే కాగితపు టేపు, రెండించీల వెడల్పుది. సగం షీటు మీద, సగం ప్లైవుడ్ మీద పడాలె. రాత్రంత అడ్డంగనే ఆరాలె. నిలబెడితే నీళ్లు కిందికి దిగి కింది టేపు ఊడుతది. నీళ్లకు ఉబ్బిన పోగులు ఆరుకుంట దగ్గరికి గుంజుకుంటే షీటు డప్పు తోలు లెక్క బిగుస్తది. మంచి షీటు సంగతి అది. నువ్వు నానంగనే బలం పోగొట్టుకుంటవ్, బిగిసేటప్పుడు టేపు పక్కపొంటి చిరుగుతవ్. స్ట్రెచ్ చెయ్యకుంటే గుట్టలు లోయలు లేస్తయ్. తడిసిన నడుమ భాగం సాగుతది, పొడిగున్న అంచు సాగది, ఎక్కువైన కాగితం పైకి లేవక ఏం చేస్తది? లోయలల్ల రంగు మడుగు కడతది, గుట్టల మీద తెల్లవడుతది.

ఇంకో ముచ్చట అడుగుతా. నువ్వు అమ్ముడువోయేది ఏ జిల్లాల? పత్తి పండే జిల్లాల. సీజన్‌ల జిన్నింగ్ మిల్లుల ముంగట పత్తి బండ్లు లైను గడ్తయ్. జిన్నింగ్ అయినంక గింజకు అంటుకొని మిగిలే పొట్టి నూగును లింటర్ అంటరు. మంచి వాటర్ కలర్ కాగితంల ఆ లింటర్ వాడుతరు. చుట్టూ పత్తి పెట్టుకొని, షాపుల మాత్రం మాకు కర్ర గుజ్జుతోని చేసిన నువ్వు దొరుకుతవ్. పత్తి షీటు కావాలంటే హైదరాబాద్ పోవాలె, లేకుంటే ఆన్‌లైన్‌ల తెప్పించుకోవాలె. అది చుట్టవెట్టి పంపితే మూలలు విరిగొస్తయ్, అది వేరే ఏడుపు.

సైజింగ్‌ల కలిపే పటికె గురించైతే నల్లగొండకు అస్సలు చెప్పకు. 1970లల్ల నీరి (నాగపూర్‌ల ఉన్న పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) సైంటిస్టులు ఫ్లోరైడ్ నీళ్లల్ల పటికె, సున్నం కలిపి తేర్చే పద్ధతి కనిపెట్టి, దానికి మా ఊరి పేరే పెట్టిండ్రు: నల్గొండ టెక్నిక్. గదే పటికెను రోజిన్ (చెట్టు బంక) తోని కలిపి సైజింగ్‌కు వాడితే కాగితంల ఆమ్లం చేరి, ఏండ్లు గడిచేకొద్ది పసుపెక్కి పెళుసైతది. నీ పాత కట్టలు షాపుల అంచుల పొంటి పచ్చగైతున్నయంటే మాకు ఆశ్చర్యం లేదు.

చార పడుడు, నూగు లేసుడు ఎట్లనో భరిస్తం. నువ్వు చేసే అసలు ద్రోహం వేరే ఉన్నది. పోర్ట్‌ఫోలియో కట్టుకునే పిల్లలు తడి మీద తడి ప్రయత్నిస్తరు, డ్రై బ్రష్ ప్రయత్నిస్తరు, ఉప్పు చల్లుతరు. ఉప్పు పనిజెయ్యాలంటే నీళ్లు పైన ఇంకా మెరుస్తుండాలె. ఆ మెరుపు పోకముందే గళ్లుప్పు పడితే రంగును గుంజుకొని చుక్కలు విచ్చుతయ్. నీ మీద మెరుపే ఉండదాయె, ఉప్పు ఉప్పు లెక్కనే కూసుంటది. డ్రై బ్రష్‌కు గరుకు కావాలె. నీ మీద అచ్చు వేసిన గరుకు మొదటి తడికే అణిగిపోతది. ఇండియన్ ఇంకు నిబ్బుకు నీ పోగులు చిక్కుకొని గీతకు మీసాలు మొలుస్తయ్. ప్రతి టెక్నిక్ కాగితంలున్న ఒక గుణాన్ని పరీక్ష పెడుతది. నువ్వు అన్నిట్ల తప్పుతవ్, ఫెయిల్ మాత్రం పిల్లల చేతికి రాయిస్తవ్. సారేమో "ప్రాక్టీస్ చాల్లేదు" అంటడు. పోరి ఏమో "నాకు వాటర్ కలర్ రాదు" అనుకొని రంగుల డబ్బా అటకెక్కిస్తది. చేతిది తప్పా, కాగితానిది తప్పా అని తేల్చుకోనీకి నువ్వు దారే ఉంచలే. కోపం గందుకు.

మమ్మల్ని సతాయించే మిగిలిన సామాన్లకు రెండు మాటలు. మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు తగలొద్దన్న చోట పూసేది): రబ్బరు పాలే గదా, ఒక రోజు దాటినా, హెయిర్ డ్రయర్ తగిలినా కాగితంతోని సహా లేస్తది. బ్రష్షుకు ముందు సబ్బు పట్టియ్యకుంటే బ్రష్షును కూడా మింగుతది. చవక స్కానరు: అద్దం మీద షీటు రెండు మిల్లీమీటర్లు లేసినా అక్కడ మసక, పక్కన నీడ చార. గుట్టలు లేసిన బొమ్మ వెనక మంచినీళ్లు స్ప్రే చేసి, తెల్ల కాగితాల నడుమ పెట్టి, రాత్రంత డిక్షనరీల కింద నొక్కినంకనే స్కానింగ్. పోర్ట్‌ఫోలియోల పదిహేను బొమ్మలుంటే పదిహేనింటికీ గిదే సేవ.

అయినా నిన్ను చెత్తబుట్టల వెయ్యబుద్ధికాదు. పెన్సిలుకు నువ్వు బంగారం. గాషే (అడుగు కనబడని చిక్కటి నీటిరంగు) చిక్కగ వేస్తే తట్టుకుంటవ్. రెండు పూతలు గెస్సో (రంగుకు ముందు వేసే తెల్ల అడుగుపూత) వేస్తే అక్రిలిక్‌కు ఎదురు చెప్పవ్. ఓపికున్నోళ్లు పది గ్రాముల జెలటిన్‌ను అర లీటరు చల్లనీళ్లల్ల పావుగంట నానబెట్టి, మరగనియ్యకుంట వేడి చేసి, వెడల్పు బ్రష్షుతోని నీకు పూసి తీగకు ఆరేస్తున్నరు. చేర్యాల పటాలు గీసే నకాశీలు తరతరాలుగ ఖద్దరు బట్టకు సుద్దమట్టి, చింతగింజల పిండి, బంక కలిపి పూతలు పూసి తయారు చేసుకుంటున్నరు గదా, గా పనే. తేడా ఒక్కటే. ఆ బట్ట "నేను తయారుగ ఉన్నా" అని కవరు మీద రాసుకోదు.

షాపుల పెన్ను కొనేటోళ్లకు గీసి చూసుకోనీకి చిత్తుకాగితం పెడ్తరు. నీ దగ్గర అసొంటిది ఎందుకు లేదు? కట్టల నుంచి ఒక షీటు కోసి, పట్టీలు చేసి దారంతోని కౌంటర్‌కు వేలాడదియ్యమను. పక్కన చిన్న మూతల నీళ్లు. పట్టీ మీద చుక్క పెట్టి ఐదు నిమిషాలు చూస్తం. చుక్క పైననే గుండ్రంగ ఉంటే కొంటం. చప్పున ఇంకి వెనక తడి తేలితే బ్యాగుల పెట్టించుకోం. నీళ్లు లేకుంటే నాలుక మొనతోని మూల అంటిచ్చి చూస్తం, అతుక్కుంటే సైజింగ్ లేనట్టే. ఆ పట్టీ వచ్చేదాక పత్తి షీటు ఒక్కటి, 22 ఇంటు 30 ఇంచీలది, తెప్పించి పదహారు ముక్కలు కోసుకుంటం. టెక్నిక్‌లు వాటి మీదనే నేర్చుకుంటం. నిన్ను పెన్సిల్ స్కెచ్‌లకు పిలుస్తం. అంతే.

ఇట్లు
నీ కట్ట ఇంకా సగం మిగిలిన బాధితులు

తా.క.: చింపకుండ రానని మొండికేసే మాస్కింగ్ టేపుకు విడిగ ఉత్తరం రాస్తం. దానికి ముందే చెప్పు: డ్రయర్‌తోని లైట్‌గ వేడి చేసి, బొమ్మకు అవతలి దిక్కు ఏటవాలుగ మెల్లగ లాగుతం. అప్పుడు కూడ నీ తోలు పట్టుకొని వస్తే, ఇద్దరికీ కలిపే ఉంటది.